ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కారుతోంది, స్టాప్ లీక్ పోయొచ్చా?

నాలుగుచక్రాలు:
పద్నాలుగేళ్ల పెట్రోలు కారు, 4 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. పొద్దున్నే చూస్తే కింద మూడు నాలుగు ఎర్రటి చుక్కలు. కుడి యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట తడి ఉంది. గేర్లు బాగానే పడుతున్నాయి. స్టాప్ లీక్ (కారడం ఆపేందుకు ఆయిల్‌లో కలిపే ద్రవం) సీసా సరిపోతుందా, సీలే మార్చాలా?

టార్క్‌రెంచ్:
ముందు ఎక్కడి నుంచో ఖాయం చేసుకోండి. పైన కారిన ఆయిల్ జారి యాక్సిల్ దగ్గర చుక్క కట్టొచ్చు. కొన్ని కార్ల పవర్ స్టీరింగ్‌లో కూడా ఏటీఎఫే (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తారు, అదీ ఎరుపే. బ్రేక్ క్లీనర్‌తో కడిగి, 20 కి.మీ. నడిపి, టార్చి వేసి పైనుంచి వెతకండి.

ఏళ్ల తరబడి వేడికి రబ్బరు సీలు గట్టిపడి షాఫ్టును పట్టుకోదు. స్టాప్ లీక్ ఆ రబ్బరులోకి ఇంకి మెత్తబరిచి, కాస్త ఉబ్బిస్తుంది. అంతే దాని పని. సీలు చిరిగినా, షాఫ్టు మీద గాడి పడినా, షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగినా ఉపయోగం లేదు. యాక్సిల్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపండి, బాగా ఊగితే సీసా డబ్బు దండగే.

గ్రీజుచేతులు:
పోస్తే లెవల్ జాగ్రత్త అండి. సీసా 300 మి.లీ. అయితే, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) గొట్టంలోకి సన్న పైపు దించి సిరంజితో అంతే పాత ఆయిల్ ముందు లాగేయండి. ఎక్కువైతే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగకి ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారతాయి, బ్రీదర్‌లోంచి (గేర్‌బాక్స్ గాలి వదిలే రంధ్రం) కూడా తన్నుకొస్తుంది. అసలు బ్రీదరే మట్టితో పూడుకుపోయినా లోపలి ఒత్తిడి సీలు మీద పడి కారుతుంది, ముందు అది చూడండి.

లెవల్ చూసే తీరు కంపెనీని బట్టి మారుతుంది. డిప్‌స్టిక్ ఉన్న టయోటాల్లో వేడెక్కాక ఇంజన్ ఐడిల్‌లో ఉండగా చూస్తారు. చాలా హోండాల్లో ఇంజన్ ఆపాక 60-90 సెకన్లలో.

సీవీటీలో (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) మాత్రం పోయకండి. బెల్టు పట్టు ఆ ఆయిల్ గుణం మీదే నడుస్తుంది.

నాలుగుచక్రాలు:
యాక్సిల్‌లో ఊపు లేదు, బ్రీదర్ శుభ్రమే. పోసి ఎన్నాళ్లు ఆగాలి?

టార్క్‌రెంచ్:
రెండు వారాలు రోజూ నడపండి, రబ్బరు నానాలి కదా. తగ్గకపోతే రెండో సీసా వద్దు, మోతాదు మించితే సీలు మరీ మెత్తబడి చెడుతుంది. అప్పుడు సీలే మార్చండి. కొత్తది పెట్టేముందు దాని పెదవికి (షాఫ్టుకు ఆనే లోపలి అంచు) ఏటీఎఫ్ రాసి, పాతది ఎంత లోతులో ఉందో కొలిచి అంతవరకే సమంగా కొట్టాలి. వంకరగా దిగితే మొదటి రోజే కారుతుంది.