రివ్యూ చదివాక కూడా ఆల్బమ్ ఎలా ఉందో తెలియట్లేదు, ఎందుకు?

వినికిడి:

ఇక్కడ ఇంగ్లిష్ మ్యూజిక్ సైట్లు, పత్రికలు రెగ్యులర్‌గా చదివేవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పెద్ద ఆల్బమ్ ఏదైనా రిలీజైతే తెల్లారేసరికి అరడజను రివ్యూలు వచ్చేస్తున్నాయి. అన్నీ కూర్చుని చదువుతా. ఆ సింగర్ ఎవరితో విడిపోయింది, నాలుగో పాట ఎవరిని ఉద్దేశించి రాసింది, కిందటి ఆల్బమ్ ఎన్ని రికార్డులు బద్దలు కొట్టింది, ఇవన్నీ తెలుస్తాయి. డ్రమ్స్ ఎలా మోగాయి, గొంతు పైకి వినిపిస్తోందా లేక వాద్యాల కింద నలిగిపోయిందా, ట్యూన్‌లో కొత్తదనం ఉందా పాతదాన్నే తిప్పి వేశారా, వీటి గురించి మాత్రం ఒక్క వాక్యం దొరకదు. మార్కులు చూస్తే పెద్ద పేరుంటే చాలు నాలుగు స్టార్లు, పేరు లేని బ్యాండ్ అయితే అసలు రివ్యూయే ఉండదు.

డబ్బు తీసుకుని రాస్తున్నారా, లేక రాసేవాళ్ళకే సంగీతం మీద పట్టు లేదా? ముందు నుంచీ ఇంతేనా? కోపంగానే అడుగుతున్నా, ఎందుకంటే మంచి రివ్యూ అంటే నాకు ప్రాణం. నేను పట్టించుకోకుండా వదిలేసిన చోట ఎవరో చెవి పెట్టి విని రాస్తే, ఆ పాట మళ్ళీ మొదటిసారి వింటున్నట్టు ఉంటుంది.

శ్రుతిపేటిక:

వినికిడి గారూ, నేను కొన్నేళ్ళు ఫ్రీలాన్సర్‌గా ఇలాంటి రివ్యూలే రాశాను కాబట్టి లోపల జరిగేది చెబుతా. డబ్బు కవర్లు నేనెప్పుడూ చూడలేదు, వాటి అవసరం కూడా రాదు. పెద్ద ఆర్టిస్ట్ అయితే రిలీజ్‌కి ఒకట్రెండు రోజుల ముందు వినడానికి లింక్ ఇస్తారు, చాలాసార్లు అదీ ఇవ్వరు, అర్ధరాత్రి అందరితో పాటే వినాలి. ఎడిటర్‌కేమో పొద్దున్నకల్లా రివ్యూ కావాలి, జనం గూగుల్‌లో వెతికేది ఆ మొదటి రోజే కాబట్టి. గంట నిడివి ఉన్న ఆల్బమ్‌ని రెండుసార్లు విని వెయ్యి పదాలు రాయమంటే చేతిలో ఏముంటుంది? ఆర్టిస్ట్ ప్రచారం చూసే పీఆర్ వాళ్ళు పంపిన నోట్, లిరిక్స్, ఆ సింగర్ పాత ఇంటర్వ్యూలు. మీకు కనిపించే ప్రేమకథలన్నీ అక్కడి నుంచి వచ్చినవే. లిరిక్స్ చూసి రాయడం త్వరగా అవుతుంది. సౌండ్ గురించి రాయాలంటే వారమైనా వినాలి, ఆ వారానికి ఎవరూ డబ్బులివ్వరు.

పక్షపాతం సంగతి కూడా చెప్పాలి. ఒక పెద్ద బ్యాండ్ ఆల్బమ్ బాగాలేదని కారణాలతో సహా రాస్తే ఆ సైట్ ఎడిటర్ ఫోన్ చేసి, వచ్చే నెల వాళ్ళ ఇంటర్వ్యూ ఉంది, కొంచెం మెత్తగా మార్చమన్నారు. మార్చనన్నాను. ఆ రివ్యూ రాలేదు, తర్వాత అక్కడి నుంచి నాకు పనీ రాలేదు. ఇందులో లంచం అనదగ్గది ఏమీ లేదు చూడండి, అయినా జరగాల్సింది జరిగిపోయింది.

అభిమానుల బెదిరింపులు దీనికి అదనం. 2024 ఏప్రిల్‌లో టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్ రివ్యూని పేస్ట్ మ్యాగజైన్ రచయిత పేరు లేకుండా వేసింది. 2019లో ఆమె ఆల్బమ్ మీద రాసిన వ్యక్తిని, ఆ రివ్యూ నచ్చని పాఠకులు దాడి చేస్తామని బెదిరించే స్థాయికి వెళ్ళారు కాబట్టి ఈసారి పేరు వేయట్లేదని వాళ్ళే చెప్పారు. అలాంటి పరిస్థితిలో ఆరు మార్కుల ఆల్బమ్‌కి ఎనిమిది ఇచ్చిన రచయితని తిట్టడానికి నాకు నోరు రాదు.

పాతరికార్డు:

పాతరోజుల్లో అంతా నిజాయితీయే అని మాత్రం అనుకోకు బ్రదర్. 1969లో లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ని రోలింగ్ స్టోన్ పత్రిక చీల్చి చెండాడింది. దానితో నాకు గొడవ లేదు, ఒక రచయిత విన్నాడు, నచ్చలేదు, రాశాడు. 2001లో అదే పత్రికలో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ సోలో ఆల్బమ్‌కి ఐదుకి ఐదు స్టార్లు వచ్చాయి. రాసిందెవరంటే పత్రిక స్థాపకుల్లో ఒకడైన జాన్ వెన్నర్, స్వయంగా జాగర్‌కి పాత స్నేహితుడు! అదే వెన్నర్‌ని 2023లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు, నీ ఇంటర్వ్యూల పుస్తకంలో ఏడుగురూ తెల్ల మగవాళ్ళేనా అని అడిగితే, ఆడవాళ్ళూ నల్లజాతి కళాకారులూ తమ సంగీతం గురించి ఆ స్థాయిలో మాట్లాడలేరన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. మర్నాడే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు నుంచి తీసేశారు. ఎవరు గొప్పో తేల్చే కుర్చీలో దశాబ్దాల పాటు కూర్చున్న మనిషి ఆలోచన అది.

కొత్తవాళ్ళూ తక్కువేం కాదు. టేలర్ స్విఫ్ట్ '1989' అనే ఆల్బమ్ 2014లో వస్తే పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల సైట్ అప్పట్లో రివ్యూ చేయలేదు. మరుసటి ఏడాది ర్యాన్ ఆడమ్స్ అనే రాక్ గాయకుడు ఆ పాటలనే తిరిగి పాడి ఆల్బమ్‌గా వేస్తే దానికి మాత్రం రివ్యూ రాశారు, అసలు ఆల్బమ్ వంతు 2019లో గానీ రాలేదు. అమ్మాయి రాసి పాడుకుంటే పాప్, గిటార్ పట్టుకున్న మగాడు పాడితే కళ. ఈ జబ్బు గురించి విమర్శకుడు కెలెఫా సానె 2004లోనే న్యూయార్క్ టైమ్స్‌లో గట్టిగా రాశాడు, రాక్ తప్ప మిగతాదంతా చిల్లర అనుకునే ధోరణి మీద. ఆ విమర్శ న్యాయమే. కాకపోతే దాని తర్వాత పాప్‌ని గౌరవించడం కాస్తా పాప్ స్టార్‌ని ఏమీ అనకపోవడంగా మారింది. నా మటుకు పక్షపాతం పెరగలేదు, దిక్కు మారింది. అప్పుడు అహంకారంతో కొట్టేవాళ్ళు, ఇప్పుడు భయంతో పొగుడుతున్నారు.

బేస్_ప్లేయర్:

పాతరికార్డు గారి మాటతో సగమే ఏకీభవిస్తా. పక్షపాతం ఎప్పుడూ ఉంది, కానీ అప్పుడు ఒక పత్రిక తప్పు రాస్తే పక్క పత్రిక తిట్టేది. ఇప్పుడు ఆ పక్క పత్రికే లేదు. 1926లో మొదలైన బ్రిటిష్ మ్యూజిక్ పత్రిక మెలొడీ మేకర్ 2000లో దాని పోటీ పత్రిక ఎన్‌ఎంఈలో కలిసిపోయింది, ఆ ఎన్‌ఎంఈ వారపత్రిక అచ్చు 2018లో ఆగింది. న్యూయార్క్ పత్రిక విలేజ్ వాయిస్ అదే ఏడాది మూతపడింది, క్యూ మ్యాగజైన్ 2020లో. పిచ్‌ఫోర్క్‌ని 2015లో కొన్న కాండే నాస్ట్ అనే పత్రికల సంస్థ 2024 జనవరిలో దాన్ని తన మగవాళ్ళ పత్రిక జీక్యూ కిందకి చేర్చి, చీఫ్ ఎడిటర్‌తో సహా చాలామందిని ఇంటికి పంపింది. ఎంటీవీ న్యూస్ 2023లో మూసేశారు, మరుసటి ఏడాది పాత వ్యాసాల ఆర్కైవ్ కూడా సైట్ నుంచి మాయం. నాకు అన్నిటికంటే బాధ అదే. చిన్న బ్యాండ్ల మొదటి ఇంటర్వ్యూలు, వాటి గురించి మొదట రాసిన నాలుగు మాటలు, అన్నీ ఉన్నపళంగా పోయాయి.

ఇంకోపక్క 2023లోనే గానెట్ పత్రికల సంస్థ టేలర్ స్విఫ్ట్ గురించి రాయడానికి ఒక రిపోర్టర్‌ని, బియాన్సే గురించి రాయడానికి ఇంకొకరిని పెట్టుకుంది. ఒకే ఆర్టిస్ట్ మీద జీతం ఆధారపడినవాళ్ళు ఆ ఆర్టిస్ట్ గురించి ఎంత స్వేచ్ఛగా రాయగలరో మీరే ఆలోచించండి.

వినికిడి:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా శ్రుతిపేటిక గారికి. తిట్టాల్సింది రచయితలని కాదని అర్థమైంది. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోలేను. టైమ్ లేకపోతే రాయకుండా ఉండొచ్చు కదా, లేదా "రెండుసార్లే విన్నాను" అని పైన ఒక లైన్ వేయొచ్చు. డబ్బు తీసుకుని పాట వేస్తే ఆ సంగతి శ్రోతలకి చెప్పి తీరాలని అమెరికాలో రేడియోకి 1960లోనే చట్టం తెచ్చారు. రివ్యూలకి చట్టం అక్కర్లేదు, ఆ మర్యాద చాలు. సరే, ఇప్పుడు ఎవరిని చదవమంటారు?

శ్రుతిపేటిక:

ఆ లైన్ వేయాలన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను ఎడిటర్ అయితే తప్పనిసరి చేస్తా. చదవడానికైతే నేను సైట్లని వదిలేసి మనుషులని ఫాలో అవుతున్నా. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ 1969 నుంచి చిన్న చిన్న రివ్యూలు రాస్తున్నాడు, 2006లో విలేజ్ వాయిస్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది, 2019 నుంచి చందాదారులకి న్యూస్‌లెటర్‌గా పంపుతున్నాడు. ఆయన అభిప్రాయాలతో నాకు సగం సార్లు పడదు, అయినా చదువుతా, ఎందుకు నచ్చిందో ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాల్లో తేల్చేస్తాడు. పేరు లేని బ్యాండ్ల కోసం బ్యాండ్‌క్యాంప్ డైలీ చూడండి. అది పాటలు అమ్మే సైట్ వాళ్ళదే కాబట్టి తిట్లు దొరకవు, కానీ ఇంకెక్కడా కనిపించని సంగీతం దొరుకుతుంది.

కొత్త రచయిత ఎవరైనా తగిలితే, మీకు బాగా తెలిసిన ఆల్బమ్ మీద అతను రాసింది ముందు చదవండి. మీరు వందసార్లు విన్న పాటలో మీకు తెలియనిదేదైనా చూపించాడంటే, తెలియని ఆల్బమ్‌ల విషయంలోనూ అతని మాట నమ్మొచ్చు.