‘గుడ్ నాలెడ్జ్’ ముందు ‘ఎ’ రాస్తే మార్కు ఇవ్వాలా?

పర్లాకిమిడి మాస్టారు:
పదో తరగతి ఖాళీల ప్రశ్న: ‘షి హాజ్ — గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఒడియా’. కొందరు పిల్లలు ‘ఎ’ రాశారు. మార్కు ఇవ్వకూడదనే నా వాదన. నాలెడ్జ్ అన్‌కౌంటబుల్, అంటే లెక్కకు రాని మాట, దాని ముందు ఎ, యాన్ రావు. ఒక్కచోట సడలిస్తే ‘యాన్ అడ్వైస్’, ‘ఎ ఫర్నిచర్’ కూడా ఒప్పే అనుకుంటారు.

సిరొంచ ఇంగ్లీషు టీచర్:
మార్కు ఇచ్చి తీరాలండీ మాస్టారూ. బహువచనం వస్తుందా, ఎ వస్తుందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ‘టూ నాలెడ్జెస్’ అనలేం, నిజమే. కానీ మనసుకూ బుద్ధికీ సంబంధించిన కొన్ని మాటలకు విశేషణంతోనో ‘ఆఫ్’తోనో హద్దు గీస్తే ఎ వస్తుంది: ఎ గుడ్ ఎడ్యుకేషన్, ఎ డీప్ డిస్‌ట్రస్ట్ ఆఫ్ స్ట్రేంజర్స్, ఎ నాలెడ్జ్ ఆఫ్ మరాఠీ. హద్దు లేకుండా ‘షి హాజ్ ఎ నాలెడ్జ్’ అంటేనే తప్పు.

పర్లాకిమిడి మాస్టారు:
అయితే ‘ఎ గుడ్ అడ్వైస్’ కూడా ఒప్పేనా? సలహా బుద్ధికి సంబంధించింది కాదా?

సిరొంచ ఇంగ్లీషు టీచర్:
ఒప్పు కాదు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, న్యూస్, వెదర్, ప్రోగ్రెస్, హోంవర్క్, ఫర్నిచర్, లగేజీ, వీటికి ఎన్ని విశేషణాలు తగిలించినా ఎ రాదు. అర్థాన్ని బట్టి ఊహించి తేల్చలేం, జాబితాగానే నేర్పాలి. అక్కడ మీ కట్టుదిట్టం అవసరమే.

రాయగడ ట్యూషన్:
పిల్లలు ముందు పడేది ఆ జాబితాలోనే. తెలుగులో ‘ఒక సలహా’, స్టేషన్లో ‘రెండు లగేజీలు’ నోటికి అలవాటు కదా! దానికి మందుగా ‘ఎ పీస్ ఆఫ్’ ఒక్కటే బట్టీ పట్టించకండి, ప్రతి వాక్యంలోనూ అదే దూరుస్తారు. లెక్కకొచ్చే మాట ఇవ్వండి: అడ్వైస్ బదులు ఎ సజెషన్, వర్క్ బదులు ఎ జాబ్, ట్రావెల్ బదులు ఎ జర్నీ, లగేజీ బదులు ఎ బ్యాగ్. కాఫీ సంగతి వేరు. ‘ఎ కాఫీ’ అంటే ఒక కప్పు, ‘టూ కాఫీస్’ కూడా చెల్లుతుంది.

ఇంకోటి, విశేషణం చేరాక ఎ, యాన్ మళ్లీ చూసుకోవాలి. ‘యాన్ అండర్‌స్టాండింగ్’ కాస్తా ‘ఎ గుడ్ అండర్‌స్టాండింగ్’ అవుతుంది. దీన్ని మరిచి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

పర్లాకిమిడి మాస్టారు:
సరే, ఈ ప్రశ్నకు ‘ఎ’కి మార్కు ఇవ్వొచ్చు. ‘గుడ్ నాలెడ్జ్’ అని ఎ లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇలాంటిది ఖాళీల్లో అడగకపోవడమే మేలు. ఎనిమిదో తరగతి దాకా మాత్రం ‘రాదు’ అనే చెప్పాలి. మినహాయింపులు ఆ తర్వాతే.

సిరొంచ ఇంగ్లీషు టీచర్:
‘సాధారణంగా రాదు’ అనండి మాస్టారూ. ఆ ఒక్క మాట వదిలేస్తే, రేపు ఉద్యోగ దరఖాస్తులో సరిగ్గా ఉన్న వాక్యాన్నే దిద్ది పాడుచేస్తారు.