ఫైల్ పెట్టని పంట్లో కూడా పగుళ్లు! థీసిస్ ఏం చేయాలి?

పీజీ_రెండో_ఏడు:
నమస్తే అందరికీ. రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి వేరులో పగుళ్లు వస్తాయా అన్నది నా థీసిస్. పీకేసిన కింది ప్రీమోలార్లు (కోరపన్నుకీ పెద్ద దవడ పళ్లకీ మధ్యవి) తీసుకుని, కెనాల్ లోపల గీకే ఫైళ్లలో ఒక గ్రూపుకి చేత్తో తిప్పేవి, ఒకదానికి మోటారుతో ఒకే వైపు తిరిగే రోటరీ, ఇంకోదానికి ముందుకీ వెనక్కీ తిరిగే రెసిప్రొకేటింగ్ ఫైల్ వాడాను, నాలుగో గ్రూపుని అసలు ముట్టుకోలేదు. తర్వాత వేరు కొస నుంచి 3, 6, 9 మిల్లీమీటర్ల దగ్గర అడ్డంగా కోసి స్టీరియో మైక్రోస్కోప్‌లో చూస్తున్నాను. ముట్టుకోని గ్రూపులో కూడా వెంట్రుకలాంటి గీతలు కనిపిస్తున్నాయి! గైడ్ గారేమో "అవి క్రేజ్ లైన్లు (వేరు గోడని పూర్తిగా దాటని సన్నటి గీతలు), వదిలేయ్" అన్నారు. వదిలేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

రంపపు_పొట్టు:
కోసిన ముక్కల్ని ఎంతసేపు బయట పెట్టావు, అది చెప్పు ముందు. డెంటిన్‌లో, అంటే పంటి గోడలోని గట్టి పదార్థంలో, తడి పోతే దానంతట అదే పగులుతుంది, మైక్రోస్కోప్ లైటు వేడి చాలు. నేనోసారి గీత లేని ముక్కని ఫోటో తీసి, ఫోనొస్తే బయటికెళ్లి మాట్లాడి వచ్చేసరికి కెనాల్ గోడ నుంచి బయటి అంచు దాకా గీత పడి ఉంది, మళ్లీ తడి దూది అద్దితే సగం మాయం. ఇక గైడ్ గారి మాట అంటావా, కంట్రోల్‌లో, అంటే నువ్వు ముట్టుకోని గ్రూపులో, గీతలు వదిలేస్తే రోటరీలో అలాంటివీ వదిలేయాలి, అప్పుడు నీకు మిగిలేదేంటో చూసుకో.

వేరుమూలం:
పై అన్న చెప్పింది కరెక్టే, కానీ అసలు తిరకాసు కోయడంలోనే ఉంది. కోశాక కనిపించిన పగులు ఫైల్ వల్ల వచ్చిందా, రంపం వల్లా, పన్ను పీకినప్పుడు ఫోర్సెప్స్ నొక్కుడు వల్లా అన్నది ఆ ముక్క చెప్పదు, ఎందుకంటే అదే వేరు ముందెలా ఉందో నువ్వు చూడలేదు. మైక్రో సీటీ (చాలా సూక్ష్మంగా చూపించే ఎక్స్‌రే స్కాన్) అయితే కోయకుండా ముందొకసారి, ఫైలింగ్ అయ్యాక ఒకసారి స్కాన్ చేసి ఒకే చోటిని పక్కపక్కన పెట్టొచ్చు. 2014లో కింది దవడ మోలార్ల మీసియల్ (ముందు వైపు) వేర్లతో అలా చేస్తే, తర్వాత కనిపించిన ప్రతి పగులూ ముందు స్కాన్‌లోనే ఉంది. ఇంకోటి, నోట్లో పంటికి చుట్టూ లిగమెంటూ ఎముకా ఉంటాయి. వాటికి బదులుగా నువ్వు వేరుకి సిలికాన్ పూత వేసి యాక్రిలిక్ ప్లాస్టిక్ దిమ్మలో దింపినా అది ఆ దగ్గరికి రాదు.

పన్నునొప్పి_బాధితుడు:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. నాకు నిన్ననే రూట్ కెనాల్ అయింది. ఇదంతా చదివాక నమలాలంటే భయమేస్తోంది.

వేరుమూలం:
@పన్నునొప్పి_బాధితుడు ఈ గీతలు చూసి భయపడకండి. వేరు నిలువునా చీలడం వేరే సంగతి, గోడ బాగా పలచనైతే, లోపల పోస్టు (క్యాప్‌కి ఆధారంగా వేరులో దింపే కడ్డీ) పెడితే, కొరుకుడు బలం ఎక్కువైతే ఆ రిస్కు పెరుగుతుంది, అదీ చాలాసార్లు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. క్యాప్ సంగతి మాత్రం వాయిదా వేయకుండా మీ డాక్టర్‌ని అడగండి.

పీజీ_రెండో_ఏడు:
అన్నా, దొరికింది. కోసిన ముక్కల్ని టిష్యూ మీద వరుసగా పేర్చి, అన్నీ అయ్యాక ఒకేసారి చూస్తున్నాను. కంట్రోల్ వాటిని ముందు కోశాను కాబట్టి అవే ఎక్కువసేపు ఆరాయి! ఇంకా కోయని వేర్లు కొన్ని ఉన్నాయి, ఇక ఒక్కొక్కటీ నీళ్లలోంచి తీసి చూసి వెంటనే మళ్లీ నీళ్లలో వేస్తా. మైక్రో సీటీ మా కాలేజీలో లేదు. గైడ్ గారికి ఇది ఎలా చెప్పాలో మాత్రం తెలీట్లేదు.