కిడ్నీ మార్పిడి అయిన మావారితో ఇంగ్లండులోని రెడింగ్ వస్తున్నాం, మందుల సంగతి చెప్పండి

సునీత: నమస్కారమండీ. మావారికి హైదరాబాదులో కిడ్నీ మార్పిడి అయింది, మా అత్తగారే ఇచ్చారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా పాంగ్రాఫ్ అనే మందు వేసుకుంటున్నారు. అక్కడ దొరుకుతుందా?

రమణ, స్లౌ: ఆ పేరుతో దొరకదమ్మా. మందు టాక్రోలిమసే. ఇక్కడ అడోపోర్ట్, ప్రోగ్రాఫ్ అని ఇస్తారు. బ్రాండు మారితే రక్తంలో మందు లెవెల్ మారొచ్చు, అందుకే 2012 నుంచీ బ్రాండు పేరుతోనే రాయమంటున్నారు. అడ్వాగ్రాఫ్ కూడా టాక్రోలిమసే, కానీ అది రోజుకి ఒక్కసారే, మీవారిది రెండుసార్లు. పొరపాటున అది చేతిలో పెడితే తీసుకోకండి. రాగానే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించి, ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్కి రిఫరల్ అడగండి. మందులు, రిపోర్టులు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి.

లక్ష్మి, హౌన్స్‌లో: ముందు ఇల్లు చూసుకో సునీతా! మార్పిడి అయ్యాక మా తమ్ముడు దిగిన ఇంట్లో పడగ్గది గోడంతా నల్లటి బూజు. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఓనరుని అడిగితే "మీరు బట్టలు లోపల ఆరేస్తున్నారు, కిటికీ తియ్యరు" అని మామీదే పెట్టాడు. పైన తెల్లరంగు పూయించాడు, వానలు పట్టగానే మళ్ళీ వచ్చింది. చివరికి కన్సల్టెంటు (ఆసుపత్రి పెద్ద డాక్టరు) చేత ఉత్తరం రాయించి కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, పంపితే, వాళ్ళు వచ్చి చూశాకే బాగుచేయించాడు. ఇల్లు చూసేటప్పుడు బీరువా వెనక చెయ్యి పెట్టి చూడు. ఒక్క మూలకే కొత్తరంగు కనబడితే వద్దను.

ప్రసాద్: మార్పిడి వాళ్ళకి ఇక్కడ మందులన్నీ ఉచితం, కంగారు లేదు.

రమణ: కాదండీ! ఇంగ్లండులో ఉచిత జబ్బుల జాబితాలో కిడ్నీ మార్పిడి లేదు. చీటీలో రాసిన ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. ఏడాదికి 114.50 పౌండ్లు ముందే కట్టి సర్టిఫికెట్ తీసుకుంటే అన్నిటికీ సరిపోతుంది, వాయిదాల్లోనూ కట్టొచ్చు.

ప్రసాద్: మా బావ ఎన్నడూ పైసా కట్టలేదు.

రమణ: మీ బావగారుండేది కార్డిఫ్‌లో కదా. వేల్స్‌లో ఎవరికైనా ఉచితమే.

మాధవి, బ్రిస్టల్: నాకూ మార్పిడే అయింది సునీతా. డయాలసిస్ రోజుల్లో నీళ్ళు గ్లాసుతో కొలిచి తాగేదాన్ని. ఇప్పుడు సీసా పక్కనుంటే చాలు, ఉద్యోగం మామూలే. టాక్రోలిమస్ వల్ల వేళ్ళు వణికి సంతకం కాస్త వంకర పోతుంది, భయపడొద్దు, క్లినిక్‌లో చెప్పండి. రక్తపరీక్ష రోజు పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. ఒళ్ళునొప్పులకి ఇబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస ముట్టుకోవద్దు.

లక్ష్మి: బత్తాయి తినొచ్చా మాధవీ? మా తమ్ముణ్ణి అదీ మానిపించారు.

మాధవి: నాకు మా డైటీషియన్ తినమనే చెప్పింది అక్కా. తమ్ముడికి పొటాషియం ఎక్కువుందేమో, రిపోర్టు చూడండి.