అరవై ఏళ్ళు ఊరుకున్న యార్క్ వాళ్ళకి సింహాసనం మీద హక్కు 1460లోనే ఎందుకు గుర్తొచ్చింది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. మధ్యయుగ ఇంగ్లాండ్ పేపర్లో గులాబీ యుద్ధాలు ఉన్నాయి. లాంకాస్టర్, యార్క్ రెండూ మూడో ఎడ్వర్డ్ వంశమే, 1455 నుంచి కిరీటం కోసం కొట్టుకున్నారు, 1485లో హెన్రీ ట్యూడర్ గెలిచి యార్క్ వాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నోట్సులో ఇంతే ఉంది, మార్కులకి ఇది సరిపోతుంది కూడా. కానీ తేదీలు వరసగా రాసుకుంటే నాకు లెక్క కుదరడం లేదు. లాంకాస్టర్ వాళ్ళు రెండో రిచర్డ్‌ని దించేసి గద్దెనెక్కింది 1399లో. తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురు హెన్రీలు (నాలుగో, ఐదో, ఆరో హెన్రీ) వరసగా ఏలారు. యార్క్ డ్యూక్ రిచర్డ్ "కిరీటం నాది" అని బయటపడింది 1460 అక్టోబరులో. సెయింట్ ఆల్బన్స్‌లో మొదటి యుద్ధమేమో 1455 మే 22న అయిపోయింది. అంటే ముందు ఐదేళ్ళు కొట్టుకుని తరవాత హక్కు సంగతి ఎత్తారా? అసలు వంశం లెక్కన ఎవరిది న్యాయం? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కోట జంక్షన్ (విజయనగరం):
తమ్ముడూ, ముందు వంశం లెక్క చూద్దాం. మూడో ఎడ్వర్డ్ కొడుకుల్లో పెరిగి పెద్దయినవాళ్ళని తీసుకుంటే రెండోవాడు లయొనెల్, మూడోవాడు జాన్ (లాంకాస్టర్ డ్యూక్), నాలుగోవాడు ఎడ్మండ్ (యార్క్ డ్యూక్). పెద్దకొడుకు కొడుకే రెండో రిచర్డ్, ఆయనకి పిల్లల్లేరు. యార్క్ రిచర్డ్ తండ్రి వైపు నుంచి ఎడ్మండ్ మనవడు, అలా చూస్తే లాంకాస్టర్ల కంటే కిందే. తల్లి ఆన్ మోర్టిమర్ మాత్రం లయొనెల్ కూతురి వంశం. ఊళ్ళో పొలం తగాదా లాంటిదే ఇది, పెద్ద కొడుకు కూతురి సంతానానికి చెందాలా, చిన్న కొడుకు మగ సంతానానికి చెందాలా అని. ఆడపిల్ల ద్వారా హక్కు వస్తుందంటే యార్క్‌ది న్యాయం, రాదంటే లాంకాస్టర్‌ది. ఇంగ్లాండ్‌లో అప్పటికి దీనికి తిరుగులేని చట్టం ఏదీ లేదు, రెండు పక్షాలవాళ్ళూ ఆ సందులోనే నిలబడ్డారు.

ఇక అరవై ఏళ్ళు ఊరుకున్నారన్నది నిజం కాదు. 1415లో ఈ రిచర్డ్ తండ్రే, కేంబ్రిడ్జ్ ఎర్ల్, తన బావమరిది ఎడ్మండ్ మోర్టిమర్‌ని రాజుని చేద్దామని కుట్ర పన్నాడు. ఆ మోర్టిమరే వెళ్ళి ఐదో హెన్రీకి చెప్పేశాడు. కేంబ్రిడ్జ్ తల తీయించారు, అప్పటికి రిచర్డ్‌కి నాలుగేళ్ళు కూడా నిండలేదు. 1425లో మేనమామ మోర్టిమర్ పిల్లల్లేకుండా పోతే ఆయన భూములూ ఆ హక్కూ రెండూ ఈ కుర్రాడికే వచ్చాయి. హక్కు సంగతి ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కాకపోతే ఐదో హెన్రీ లాంటి రాజు, ఫ్రాన్స్‌లో అజిన్‌కోర్ట్ యుద్ధం గెలిచినవాడు, గద్దె మీద ఉంటే దాని గురించి నోరెత్తే ధైర్యం ఎవరికుంటుంది?

బొబ్బిలి వీణ (బొబ్బిలి):
కోట జంక్షన్ గారు చెప్పిన వంశం లెక్కంతా సరైనదే. కానీ బాబూ, యుద్ధం ఎందుకొచ్చిందో వంశవృక్షంలో వెతికితే దొరకదు. ఇది నేను గట్టిగా నమ్ముతాను, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. 1453 చూడు. జులైలో కాస్టిల్లన్ దగ్గర ఓడిపోయి ఫ్రాన్స్‌లో కలే రేవు పట్నం తప్ప దాదాపు అంతా పోగొట్టుకున్నారు. ఆగస్టులో ఆరో హెన్రీకి మతి తప్పింది, పలుకూ లేదు ఉలుకూ లేదు. అక్టోబరులో కొడుకు పుడితే బిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టినా గుర్తించలేదు. ఏడాదిన్నర దాకా అదే పరిస్థితి. రాజ్యం చూసుకోవడానికి 1454లో యార్క్‌ని సంరక్షకుడిగా పెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి రాజు కోలుకున్నాడు, జైల్లో ఉన్న సోమర్సెట్ డ్యూక్ (రాజుకి దగ్గరివాడు, యార్క్‌కి ప్రత్యర్థి) మళ్ళీ బయటికొచ్చి పెత్తనం చేతిలోకి తీసుకున్నాడు, యార్క్ చేతిలో అధికారం పోయింది. సెయింట్ ఆల్బన్స్ జరిగింది అందుకు. అక్కడ సోమర్సెట్‌ని చంపారు. మెడకి బాణం తగిలి కూర్చున్న రాజు ముందు యార్క్ మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడిగాడు. కిరీటం కావాలనుకున్నవాడు ఆ రోజే తీసుకునేవాడు కదా, రాజు చేతికి చిక్కాడు మరి!

ఇంకోటి, ఆ ప్రభువులు ఒక్కొక్కరి కింద వందల మంది మనుషులు. తన గుర్తు ఉన్న బట్ట ఇచ్చి, జీతం ఇచ్చి, కోర్టులో కేసు పడితే వెనక నిలబడి పోషించేవారు. ఉత్తరాన నెవిల్, పెర్సీ కుటుంబాలు 1453 నుంచే వీధి కొట్లాటల్లో ఉన్నాయి. నెవిల్ వాళ్ళు యార్క్ వైపు చేరారు కాబట్టి పెర్సీ వాళ్ళు రాజు వైపు. సెయింట్ ఆల్బన్స్‌లో పెర్సీ పెద్దాయనా, క్లిఫర్డ్ ప్రభువూ చనిపోయారు. ఇక వాళ్ళ కొడుకులు ఊరుకుంటారా.

మనవాళ్ళు వెంటనే దీన్ని బొబ్బిలి యుద్ధంతో పోలుస్తారు, నా క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అనేవారు. అది సరిపోదు. 1757 జనవరి 24న ఇక్కడ జరిగింది ఇరుగుపొరుగు సంస్థానాల పగ, బుస్సీ ఫిరంగులతో పూసపాటి విజయరామరాజు వచ్చి పడ్డాడు, ఒకే గద్దె కోసం ఇద్దరు పోట్లాడిన కథ కాదు. పోలిక కావాలంటే ఆ తరవాత తరం విజయనగరం చూడు. దత్తత వచ్చిన తమ్ముడు విజయరామరాజు (అదే పేరున్న ఇంకొకాయన) పేరుకి రాజు, అన్న సీతారామరాజు దివానుగా ఉండి పెత్తనమంతా చేశాడు. గద్దె మీద ఒకరు, అధికారం ఇంకొకరి చేతిలో. 1450ల్లో ఇంగ్లాండ్ సమస్య సరిగ్గా అదే.

నాగావళి ఒడ్డు:
మాస్టారూ, కోట జంక్షన్ అన్నయ్యా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. సెయింట్ ఆల్బన్స్ విషయం ఇప్పుడు అర్థమైంది. మరి 1460లో ఏం మారింది? అక్కడిదాకా మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి సింహాసనం మీద చెయ్యి ఎందుకు వేశాడు?

కోట జంక్షన్:
1459లో ఆయన భూములన్నీ పార్లమెంటులో రాజద్రోహం తీర్మానం చేసి లాక్కున్నారు, వారసులకి కూడా లేకుండా. ఆయన అప్పటికే ఐర్లాండ్ పారిపోయాడు. ఇక విధేయంగా ఉన్నా మిగిలేది ఏమీ లేదు. 1460 జులైలో నార్తాంప్టన్ దగ్గర యార్క్ పక్షం వార్విక్ ఎర్ల్ (నెవిల్ కుటుంబంవాడే) గెలిచి రాజుని పట్టుకున్నాడు, అక్టోబరులో యార్క్ తిరిగొచ్చాడు. వెస్ట్‌మినిస్టర్‌లో అందరి ముందూ నడిచి వెళ్ళి సింహాసనం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, జేజేలు కొడతారనుకుని. ఒక్కరూ కొట్టలేదు. ఆర్చిబిషప్ వచ్చి "రాజుగారిని దర్శించుకుంటారా" అని అడిగాడు. అక్కడున్నవాళ్ళలో చాలామంది ఆయన సొంత పక్షం వాళ్ళే, వాళ్ళు కూడా అభిషేకం జరిగిన రాజుకి ప్రమాణం చేసినవాళ్ళు. ఇంతకాలం ఎందుకు మాట్లాడలేదని ప్రభువులు నిలదీస్తే, హక్కు కొంతకాలం మూగబోయి ఉండొచ్చు గాని కుళ్ళిపోదు అని జవాబిచ్చాడు. నువ్వు అడిగిన ప్రశ్నే వాళ్ళూ అడిగారు చూడు.

చివరికి రాజీ ఏమిటంటే హెన్రీ బతికున్నన్నాళ్ళూ రాజే, తరవాత యార్క్. హెన్రీ కొడుక్కి ఏడేళ్ళు, వాడికి ఏమీ లేదు.

తోటపల్లి కాలవ (పార్వతీపురం):
అక్కడ రాణి మార్గరెట్ గురించి చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా అండీ. పరీక్ష పేపర్లలో ఆవిడని పొగరుబోతు ఫ్రెంచి రాణి అని ఒక ముక్కలో తేల్చేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది. మొగుడికి మతి స్థిరం లేదు, ఏడేళ్ళ కొడుకు హక్కుని పార్లమెంటు తీసి వేరేవాళ్ళకి రాసిచ్చింది, ఏ తల్లి ఊరుకుంటుంది? రెండు నెలలకే ఆవిడ పక్షం వాళ్ళు వేక్‌ఫీల్డ్ దగ్గర (1460 డిసెంబరు 30) యార్క్‌ని చంపి, తలకి కాగితం కిరీటం పెట్టి యార్క్ ఊరి గుమ్మానికి గుచ్చారు. అప్పుడు ఆవిడ స్కాట్లాండ్‌లో సాయం అడుగుతోంది, ఆ నేరం కూడా ఆవిడ నెత్తినే పడింది. ఆవిడ యుద్ధం ఆగింది 1471 మే 4న ట్యూక్స్‌బరీలో, ఆ కొడుకు చచ్చిపోయాకే.

నాగావళి ఒడ్డు:
మేడమ్, ఈ కోణం నోట్సులో లేదు, తప్పకుండా రాస్తాను. చివరగా ఒకటే. ఇంత హక్కు చర్చ జరిగాక, ట్యూడర్‌ది ఏ హక్కు?

బొబ్బిలి వీణ:
రక్తం ప్రకారం చాలా బలహీనం. తల్లి మార్గరెట్ బోఫర్ట్ వైపు నుంచి లాంకాస్టర్ జాన్ వంశమే, కానీ బోఫర్ట్‌లకి సింహాసనం హక్కు లేదని 1407లో నాలుగో హెన్రీయే రాయించాడు. అందుకే 1485 పార్లమెంటు కారణం ఏదీ చెప్పకుండా కిరీటం ఏడో హెన్రీది (హెన్రీ ట్యూడర్‌ది) అని మాత్రం తీర్మానించింది. యార్క్ ఎలిజబెత్‌తో పెళ్ళి కూడా పట్టాభిషేకం అయ్యాక, 1486 జనవరిలోనే చేసుకున్నాడు, పెళ్ళాం వల్ల రాజయ్యాడని ఎవరూ అనకూడదని. యార్క్ వంశపు రాజు మూడో రిచర్డ్‌ని ఓడించిన బాస్వర్త్ యుద్ధం 1485 ఆగస్టు 22న జరిగితే తన పాలన 21 నుంచే మొదలైందని లెక్క కట్టాడు. ఆ ఒక్క రోజు తేడాతో రిచర్డ్ పక్షాన పోరాడినవాళ్ళని రాజద్రోహులనే వీలు దొరికింది, అలా తీర్మానం చేసినవాళ్ళ భూములు చట్టప్రకారం కొత్త రాజు చేతికి వచ్చాయి. సెమినార్ ఉంటే ఈ ఆగస్టు 21 మీద రాయి బాబూ.