పాటకూ పరుగుకూ ఒకే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ సరిపోతాయా?

ప్రశ్న: సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. వారానికి నాలుగు రోజులు, ఆర్.కె. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను అనుమతించని వేళలో, అయిదారు కిలోమీటర్లు కొంత నడిచి కొంత పరుగెత్తి వస్తాను. మరో రెండు రోజులు జిమ్‌కు వెళ్తాను. రాత్రి భోజనం అయ్యాక గంటసేపు కచేరీ రికార్డింగులు వినడం ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు. ఈ మూడింటికీ కలిపి రెండున్నర వేల రూపాయలు పెట్టి ఒక జత ఇయర్‌బడ్స్ కొన్నాను. పదకొండో నెలలో కుడివైపుది ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. పెట్టె మీద ఐపీఎక్స్4 అని (నీటి తుంపరలకు తట్టుకుంటుందనే గుర్తు) స్పష్టంగా ముద్రించి ఉన్నా, లోపలికి తేమ చేరింది కాబట్టి వారంటీ వర్తించదని సర్వీస్ సెంటరువారు తిప్పి పంపారు.

పని చేసిన రోజుల్లోనూ రెండు చిక్కులు ఉండేవి. ఇంట్లో ఎక్కడ తిరిగినా తెగని పాట బీచ్‌లో మాత్రం పదేపదే తెగేది. కచేరీ వింటుంటే తంబూరా పలచగా, మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమవైపు ముఖం) ఎక్కడో పక్కవీధిలో వాయిస్తున్నట్టుగా వినిపించేది. ఇప్పుడు ఏడు వేల దాకా పెట్టగలను. ఒకే మంచి జత కొనాలా, రెండు వేరువేరు జతలు కొనాలా? ఎల్‌డాక్ ఉన్నవే కొనమని దుకాణంలో చెప్పారు, అది అంత అవసరమా?

జవాబు 1: శ్రుతిపెట్టె

నేను కచేరీలు రికార్డు చేసే పనిలో ఉన్నాను, కాబట్టి ముందు మీ తొప్పి సంగతి చెప్తాను. దానికి కారణం ఇయర్‌బడ్స్ కాకపోవచ్చు, సిలికాన్ టిప్పు మీ చెవికి సరిగ్గా అమరకపోవడం కావచ్చు. చెవి రంధ్రానికీ టిప్పుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా మొదట జారిపోయేవి మంద్రధ్వనులే. తొప్పికి రవ్వ పూసి రాబట్టే ఆ గుమ్మనే నాదానికి, తంబూరా మంద్ర తీగకు పుష్టినిచ్చేవి అవే. ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోనులో తంబూరా శ్రుతి పెట్టి, బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి ఒత్తండి. ఒత్తగానే శ్రుతి నిండుగా మారి, వేలు తీయగానే మళ్ళీ పలచబడితే టిప్పు సైజు తప్పన్న మాట. పెట్టెలో ఇచ్చే మూడు సైజులనూ రెండు చెవులకూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే కుడిచెవి, ఎడమచెవి ఒకే కొలతలో ఉండాలన్న నియమం లేదు. నాకు కుడివైపు మధ్యరకం, ఎడమవైపు చిన్నది సరిపోతాయి. ఈ సంగతి తెలియక ముందు రెండేళ్ళపాటు మంచి హెడ్‌ఫోన్లను తిట్టుకుంటూ గడిపాను.

ఎల్‌డాక్ కోసం అదనంగా డబ్బు పెట్టవద్దని నా సలహా. అది సోనీవారి కోడెక్ (బ్లూటూత్‌లో పంపేందుకు ధ్వనిని కుదించే పద్ధతి), అత్యధికంగా సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. సీడీ లెక్క 1411 కిలోబిట్లు. అయితే సిగ్నల్ బలహీనపడితే అది 660కి, 330కి దిగిపోతుంది. మీ ఫోను ఐఫోన్ అయితే ఎస్‌బీసీ, ఏఏసీ అనే కోడెక్‌లు తప్ప మరొకటి పని చేయదు, ఎల్‌డాక్ ఊసే అక్కరలేదు. పైగా యాభై ఏళ్ళ నాటి కచేరీని టేపు నుంచి ఎక్కించిన రికార్డింగుకు కోడెక్ మార్చితే పెద్దగా ఒరిగేది ఏమీ ఉండదు.

దానికంటే ధ్వని తీరు చూసుకోండి. చవక జతల్లో చాలావాటిని బేస్‌నూ, పైస్థాయి మెరుపునూ పెంచి, గొంతు ఉండే మధ్యస్థాయిని వెనక్కి నెట్టి తయారు చేస్తారు. సినిమా పాటకు అది హుషారుగా ఉంటుందేమో గానీ, ఆలాపనలో గమకం మసకబారుతుంది. ఆప్‌లో ఈక్వలైజర్ (ఒక్కో స్థాయి ధ్వనిని పెంచి తగ్గించే సదుపాయం) ఉండి, దాన్ని మనకు నచ్చినట్టు దిద్దుకోగలిగిన జతను ఎంచుకోవడం మేలు. డ్రైవరు (బడ్ లోపలి చిన్న స్పీకరు) 10 మిల్లీమీటర్లా, 13 మిల్లీమీటర్లా అన్నది ధ్వని నాణ్యతను చెప్పదు, ఆ అంకెను అసలు పట్టించుకోకండి.

జవాబు 2: ఉదయపరుగు (హైదరాబాదు)

శ్రుతిపెట్టె గారు చెప్పినది కూర్చుని వినేటప్పుడు అక్షరాలా నిజం. అయితే చెవిని బిగించి మూసిన అదే టిప్పు పరుగుకు ఆటంకం. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని నాలుగడుగులు వేసి చూడండి, ప్రతి అడుగూ తలలో దబ్బుదబ్బుమని మోగుతుంది. ఎముకల ద్వారా చెవికి చేరే ఆ చప్పుడు మామూలుగా బయటికి పోతుంది, రంధ్రం మూసినప్పుడు లోపలే చిక్కుకుంటుంది. పరుగెత్తితే అది మరింత పెరిగి, పాట వింటున్నామో మన మడమలను వింటున్నామో తెలియదు. వెనక నుంచి వచ్చే సైకిలు గంట, కుక్క మొరుగుడు వినబడకపోవడం అంతకన్నా ప్రమాదం. అందుకే నేను ఆరుబయట చెవిని మూయని రకమే వాడతాను. చెంప ఎముక మీద ఆని ప్రకంపనల ద్వారా వినిపించేవి ఒక రకం, చెవి పైభాగానికి తగిలించుకుంటే రంధ్రం ముందు చిన్న స్పీకరులా పలికేవి ఇంకో రకం. రెండింటిలోనూ బేస్ తక్కువే. ఎముక ద్వారా వినిపించేవాటిలో ధ్వని బాగా పెంచితే చెంప మీద చక్కిలిగింత కూడా పెడుతుంది. కచేరీకి అవి పనికిరావు, పరుగుకు చాలు.

బీచ్‌లో పాట తెగడానికి కారణం చెప్తాను. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద, వాటిని మన ఒంట్లోని నీరు బాగా పీల్చేస్తుంది. ఇంట్లోనైతే గోడలకు, పైకప్పుకు తగిలి తిరిగి వచ్చిన తరంగాలు ఆ లోటు పూడుస్తాయి. బీచ్‌లో ఒకవైపు సముద్రం, పైన ఆకాశం, తిప్పి కొట్టేది ఏదీ ఉండదు. ఫోను ఎడమజేబులో ఉండి, సిగ్నల్ అందుకునేది కుడి బడ్ అయితే మధ్యలో ఉన్నది మీరే. ఫోనును జబ్బకు కట్టుకోండి, లేదా రెండో వైపు జేబులోకి మార్చండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఇక ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే నీటి తుంపరలకు తట్టుకోగలదని మాత్రమే. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతున అరగంట మునిగినా ఆగగలదని. ఎక్స్ ఉన్నచోట ధూళి పరీక్ష ఫలితం ఇవ్వలేదని అర్థం. ఈ పరీక్షలన్నీ మంచినీటితో చేసేవి, చెమటలోనూ సముద్రపు గాలిలోనూ ఉన్న ఉప్పు వాటి లెక్కలోకి రాదు. మీ చెడిపోయిన బడ్ అడుగున, ఛార్జింగ్ చుక్కల దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉందేమో ఒకసారి చూడండి. చెమట తడి ఆరకుండానే కేసులో పెడితే, తడి లోహానికి కరెంటు తగిలి అది తినుకుపోతుంది. సాధారణంగా కేసుకు నీటి రక్షణ ఉండదు, లేదా బడ్స్ కంటే తక్కువ ఉంటుంది. ఇంటికి రాగానే కొంచెం తడిపి పిండిన మెత్తని బట్టతో ఉప్పు తుడిచి, పొడిబట్టతో ఒత్తి, పావుగంట గాలికి ఆరాక కేసులో పెట్టాలి. నా జత మూడో ఏడు నడుస్తున్నది. బ్యాటరీ తగ్గింది గానీ లోహం చెడలేదు.

జవాబు 3: వినికిడిపరీక్ష

పైవారిద్దరి మాటలకూ ఒక సవరణ. నేను వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. చెవిని మూయని రకం రోడ్డు మీద మేలే, కానీ జిమ్‌లో కాదు. అక్కడ స్పీకర్ల మోత మీద మన పాట వినిపించాలని తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు, అదే 90 డెసిబెల్స్ అయితే 4 గంటలకే ఆపాలి. పెరిగింది పది డెసిబెల్సే, తరిగింది పదోవంతుకు. జిమ్‌లో చెవికి బాగా అమరే టిప్పుతో, వీలైతే నాయిస్ క్యాన్సలేషన్‌తో, తక్కువ వాల్యూమ్‌లో వినడమే క్షేమం. ఆ సదుపాయం ఫ్యాను, ఏసీ వంటి నిలకడైన మంద్రపు హోరును బాగా అణుస్తుంది, మనుషుల మాటలను అంతగా అణచదు. బీచ్‌లో మాత్రం దాన్ని ఆపేయండి. గాలి మైకుకు తగిలి బుసబుసమనే చప్పుడును అదే తెచ్చిపెట్టవచ్చు.

మీ ఊరి ఉక్కపోతలో మరో జాగ్రత్త కూడా అవసరం. తడి చెవిని గంటలకొద్దీ మూసి ఉంచితే లోపల బూజు పట్టి దురద, చీము మొదలు కావచ్చు. తలస్నానం చేసిన వెంటనే ఇయర్‌బడ్స్ పెట్టుకోకండి. టిప్పులను ఊడదీసి వారానికొకసారి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి తొడగండి. బడ్ జాలీకి గులిమి పట్టుకున్నా ఒకవైపు ధ్వని తగ్గుతుంది. అది చూసి బడ్ చెడిపోయిందనుకుని కొత్తవి కొనేవారిని నేను చాలామందిని చూశాను.

సాగరతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఉదయపరుగు గారు చెప్పినట్టు భూతద్దం పెట్టి చూస్తే కుడి బడ్ మీద రెండు చుక్కల్లో ఒకదానికి ఆవగింజంత పచ్చటి చిలుము ఉంది. తప్పు సగం నాదే, పరుగు నుంచి రాగానే జేబులోని కేసులో పడేసేవాణ్ణి. ఎడమ బడ్ ఇంకా పని చేస్తున్నది కాబట్టి దానితో శ్రుతి పరీక్ష కూడా చేశాను. మధ్యరకం టిప్పు తీసి పెద్దది వేయగానే తంబూరా గదంతా నిండినట్టు వినిపించింది. రెండు జతలు కొనాలనే అనుకుంటున్నాను, అయితే ఏడు వేలలో దేనికి ఎక్కువ పెట్టాలో తేలడం లేదు.

జవాబు 1: శ్రుతిపెట్టె

రాత్రి వినేదానికీ జిమ్‌కూ కలిపి అయిదు వేల దాకా పెట్టి, ఈక్వలైజర్, నాయిస్ క్యాన్సలేషన్, కనీసం ఐపీఎక్స్4 ఉన్న ఒక జత తీసుకోండి. తిరిగి తీసుకునే షరతు ఉన్న దుకాణంలోనే కొనండి, చెవికి అమరడం అన్నది పెట్టుకుంటే తప్ప తేలదు. బీచ్‌కు మాత్రం కొన్నాళ్ళు రూపాయి ఖర్చు లేకుండా చూడవచ్చు. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది. దాన్ని పెట్టి, మీ పాత ఎడమ బడ్ ఒక్కదానితోనే నడవండి. మోనో పెట్టకపోతే, వయొలిన్‌ను ఒకవైపుకూ మృదంగాన్ని ఇంకోవైపుకూ జరిపిన రికార్డింగుల్లో ఒక వాద్యం సన్నగిల్లిపోతుంది. అడుగుల మోత ఆ ఒక్క చెవిలో ఉంటుంది, రెండో చెవి దారి మీద ఉంటుంది. అది మీకు పడకపోతే అప్పుడు మిగిలిన రెండు వేలతో చెవిని మూయని రకం చూడండి. ఎడమ బడ్‌తో నడిచేటప్పుడు ఫోను ఎడమజేబులోనే ఉండనివ్వండి, మధ్యలో ఒళ్ళు అడ్డురాదు.