మై, మైన్, ఇట్స్: ఆరో తరగతి పిల్లకి ఎలా చెప్పాలి?

చిట్టితల్లి_అమ్మ: మా పాప ‘దిస్ ఈజ్ మై’ అని ఆపేస్తుంది, లేదంటే ‘మైన్ బుక్’ అంటుంది. హర్, హర్స్ కూడా అంతే. ఇట్స్‌లో అపాస్ట్రఫీ, అదే ఎస్ ముందు పైన కామా, ఎప్పుడు పెట్టాలో ఎంత చెప్పినా ఎక్కట్లేదు. వచ్చే వారమే యూనిట్ టెస్ట్. సులువైన దారి ఏదైనా ఉందా?

రిటైర్డ్_మేష్టారు: తెలుగులోంచే చెప్పండమ్మా. నా–నాది, నీ–నీది, వాళ్ల–వాళ్లది. పక్కన వస్తువు పేరుంటే ‘నా’, అంటే మై. పేరు లేకపోతే ‘నాది’, అంటే మైన్. ‘ఈ గొడుగు నాది’ అనే పిల్ల ‘ఈ గొడుగు నా’ అనదు కదా! హర్–హర్స్, అవర్–అవర్స్, దెయిర్–దెయిర్స్ అన్నీ ఇదే వరస. హిజ్ ఒక్కటే రెండు చోట్లా మారదు.

కరీంనగర్_పోరడు: మైన్ ముచ్చట పక్కకు వెట్టుండ్రి. మా ఆఫీసుల ఒకాయన మెయిల్ల ‘సుధ దెయిర్ ఫాదర్’ అని రాసిండు. సుధ వాళ్ల నాయిన అన్నట్టు! అవతలోనికి ఎవరి నాయినో సమజ్ కాలే. మనం ఒక్క మనిషికి గూడ ‘వాళ్ల’ అంటం, ఇంగ్లీషోడు అనడు. సుధాస్ ఫాదర్ అంటే అయిపాయె.

గుంటూరు_కారం: అదే లెక్కన మా ఆవిడ అంటే అవర్ వైఫ్. పెళ్లిలో ఒకాయన మైకు పట్టుకుని మరీ అన్నాడు.

కోచింగ్_కింగ్: ఇవన్నీ చిన్నపిల్లల గోల. అసలు మార్కు పోయేది ఎవ్రీవన్ దగ్గర. ‘ఎవ్రీవన్ షుడ్ డూ హిజ్ డ్యూటీ.’ దెయిర్ పెట్టారో, మార్కు గోవిందా. వాక్యం ఒట్టి ‘వన్’తో మొదలెడితే ‘వన్స్ డ్యూటీ’. నా బ్యాచ్‌లో స్పాటింగ్ ఎర్రర్స్‌లో తప్పేవాడే ఉండడు. ఏళ్ల తరబడి బ్యాంకు పరీక్షలకి చెప్తున్నా.

డల్లాస్_బావ: ఎవ్రీవన్‌కి దెయిర్ తప్పెలా అవుతుందండీ? ఇక్కడ హెచ్చార్ మెయిల్లో హిజ్ అని రాస్తే, ఆఫీసులో ఆడవాళ్లు లేరా అని నిలదీస్తారు. మెరియమ్–వెబ్‌స్టర్ వాళ్లు 2019లో ‘దే’నే ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు. అంతెందుకు, జేన్ ఆస్టెన్ కూడా ఎవ్రీబడీ పక్కన దెయిర్ వాడింది.

కోచింగ్_కింగ్: ఆస్టెన్ వచ్చి మా పిల్లలకి ఉద్యోగం ఇప్పించదు. పరీక్ష వాళ్లిచ్చే ఆన్సర్ కీలో హిజ్ అని ఉంటే హిజే. అభ్యంతరం పెట్టాలంటే ప్రశ్నకింత అని కట్టాలి. మీరు డాలర్లు పంపుతారా?

డల్లాస్_బావ: కీలో తప్పుంటే భాష మారిపోతుందా? మీలాంటోళ్ల వల్లే పిల్లలు ఇంగ్లీషు పరీక్షలో పాసై ఇంటర్వ్యూలో నోరు తెరవలేకపోతున్నారు.

కోచింగ్_కింగ్: మీలాంటోళ్లంటే? మాటలు జాగ్రత్త. ముందు ఇక్కడికొచ్చి ఒక ప్రిలిమ్స్ గట్టెక్కి మాట్లాడండి.

నర్సాపురం_సుగుణ: అయ్యా, కాస్త ఆగండి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మత్తయి 5:13లో ఉప్పు సంగతి చూడండి. ‘హిజ్ సేవర్’, అంటే దాని రుచి, అని ఉంటుంది. ఉప్పుకి హిజ్! ఇట్స్ అప్పటికింకా కొత్త మాట. ఆ మొదటి ముద్రణలో ఎక్కడా లేదు. లేవీయకాండం 25:5లో ‘ఇట్ ఓన్’ అని వేసి, తర్వాతి ముద్రణల్లో ఇట్స్ అని దిద్దారు.

గుంటూరు_కారం: ఉప్పు మగోడన్నమాట. కారం సంగతేంటి మరి?

మాదాపూర్_టెస్టర్: ఇట్స్ అన్నారు కాబట్టి చెప్తున్నా. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్, పదో సెక్షన్‌లో ‘ఇట్స్ ఇన్‌స్పెక్షన్ లాస్’ (దాని తనిఖీ చట్టాలు) అన్నచోట అపాస్ట్రఫీ పెట్టేశారు. ఇప్పటి లెక్కలో తప్పు. యాప్ స్క్రీన్లలో ఇలాంటి బగ్గులు రాస్తే ‘కాస్మెటిక్’, అంటే పైపై లోపమే, అని మూసేస్తారు, ఒళ్లు మండుతుంది. పాపకి ఇలా చెప్పండి: ఆ చోట ‘ఇట్ ఈజ్’ కానీ ‘ఇట్ హాజ్’ కానీ పెట్టి చదవాలి. అతికితే అపాస్ట్రఫీ, లేకపోతే వద్దు. ‘ది డాగ్ వ్యాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్’ అని చదివితే పిల్లే పకపకా నవ్వుతుంది. హూజ్‌కీ ఇదే మందు.

రిటైర్డ్_మేష్టారు: బాగా చెప్పావు నాయనా. రవి, సుధ లాంటి పేర్లకి అపాస్ట్రఫీ ఎస్ పెడతాం కదా అని పిల్లలు దీనికీ తగిలిస్తారు. హిజ్‌కి పెట్టం, హర్స్‌కి పెట్టం, యువర్స్‌కీ పెట్టకూడదు. కానీ సెలవు చీటీ అడుగున ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అన్నచోట ఎస్ ముందు పైన కామా లేని కాగితం నా సర్వీసులో అరుదు. ఆ చీటీల మీద సంతకం పెట్టే మా స్టాఫూ అలాగే రాసేవాళ్లు.

కరీంనగర్_పోరడు: సెలవు చీటీ అంటె యాదికొచ్చింది. మా క్లాసుల అందరిది ఒకటే జ్వరం, ఒకటే చీటీ. ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ తప్ప ఇంకో రోగం స్పెల్లింగు ఎవనికి రాకపోయేది.

తెలుగు_మీడియం: నవ్వింది చాలు. మాకు ఏబీసీడీలే ఆరో తరగతిలో చెప్పారు. అపాస్ట్రఫీ ఉందని తెలిసేసరికి ఇంటర్ అయిపోయింది. కాన్వెంటు వాళ్లకి అన్నీ జోకులే.

గుంటూరు_కారం: నేనూ జిల్లా పరిషత్ హైస్కూలేనయ్యా.

చిట్టితల్లి_అమ్మ: మేష్టారూ, నా–నాది బాగా పట్టేసింది. ఇట్ ఈజ్ టెయిల్‌కి నిజంగానే నవ్వింది. ఇప్పుడు కొత్తగా ‘షీ ఈజ్ ఎ ఫ్రెండ్ ఆఫ్ మీ’ అంటోంది. అక్కడ మీ రావాలా, మైన్ రావాలా?

కోచింగ్_కింగ్: మైన్. ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్. అలాగే ఆఫ్ హర్స్, ఆఫ్ యువర్స్. పరీక్షల్లోనూ అడుగుతారు, రాసిపెట్టుకోమనండి.

డల్లాస్_బావ: ఇది మాత్రం ఒప్పుకుంటా. ఎవ్రీవన్ సంగతే ఇంకా తేలలేదు.

కోచింగ్_కింగ్: ఎప్పుడో తేలింది. కీ చూసుకోండి.